మూడు లీటర్ల నెమరు

కరోనా సద్దుమణిగి అరకుకి జనం మళ్లీ విరగబడి రావడం మొదలైన ఏడాది, జులై మొదటి సోమవారం ఉదయం నేను డుంబ్రిగుడలో సంచార పశువైద్య వాహనం డాక్టరుగా చేరాను. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. దాని పక్కన బ్రాకెట్లో ‘కాంట్రాక్టు’ అని ఉండేది. ఆ బ్రాకెట్టు సంగతి పశువులకు తెలియదు కాబట్టి తన్నులు మాత్రం రెగ్యులర్ వాళ్లతో సమానంగానే తగిలేవి.

మూడేళ్లు చేశాను. ఇప్పుడు నాకు ముప్పై మూడు. ఈ వయసులో రిటైరయ్యానంటే బంధువులు నవ్వుతారు గానీ జరిగింది అదే. ఒక గేదెకు చూడి పరీక్ష చేస్తుండగా, నా చెయ్యి భుజం దాకా లోపల ఉన్న సమయంలో, అది పడుకోవాలని నిర్ణయించుకుంది. చెయ్యి దానితో పాటు పడుకుంది, నేను పడుకోలేదు. భుజం కీలు రెండోసారి తప్పాక ఆర్థోపెడిక్ డాక్టరు ఇక ఆ పని వద్దన్నాడు. ఇప్పుడు విశాఖలో పశువుల దాణా తయారుచేసే చోట ల్యాబులో కూర్చుని, గడ్డిలో పీచు ఎంతుందో కొలుస్తున్నాను. పీచులో ఎక్కువ భాగం సెల్యులోజ్. ఆ మాట రోజుకు ఇరవైసార్లు రాస్తాను. రాసినప్పుడల్లా కాకపోయినా, అప్పుడప్పుడు ఒక నల్ల ఎద్దు గుర్తొస్తుంది.

వాహనంలో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, డ్రైవరు, పారావెట్. పారావెట్ అంటే ఇంజక్షను చెయ్యడం, గొట్టం పట్టుకోవడం, డాక్టరు తప్పు చేస్తున్నప్పుడు కొండల వైపు చూడటం అతని విధులు. మా పారావెట్ అప్పల్నాయుడు గారిది శృంగవరపుకోట వైపు రైతు కుటుంబం. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఏజెన్సీలో చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి, ఆ కొండల్లో మాట్లాడే ఒరియా కూడా వచ్చు. నన్ను ‘సార్’ అనేవారు. ఆ మాటను ఎన్ని రకాలుగా పలకవచ్చో నాకు తెలిసింది ఆయన దగ్గరే.

చేరిన మూడో సోమవారం ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు. “ఎద్దు పొట్ట ఉబ్బిపోనాది బాబూ. నిలబడనేకపోతంది. బేగి రండి.”

కల్వర్టు దగ్గర రోడ్డు ఆగిపోయింది. అక్కడి నుంచి సంచి భుజాన వేసుకుని ఎక్కాం. ఫోన్ చేసిన మనిషి పేరు గుర్బారి. యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త సోమ్రా పశువుల సాల ముందు కూర్చుని అడ్డతీగ నారతో తాడు పేనుతున్నాడు. కంగారు పడినప్పుడు ఆయన చేసే పని అదేనని తర్వాత తెలిసింది. ఆ వారంలో ఆయన పేనిన తాడుతో ఊరిని కట్టెయ్యవచ్చు.

వాళ్లకు కొండవాలు మీద మెట్లుమెట్లుగా వరి మళ్లున్నాయి. జత ఎడ్లు. నల్లవాడు కర్రోడు, తెల్లవాడు తెల్లోడు. పేర్ల విషయంలో ఎవరూ బుర్ర పాడుచేసుకోలేదు. వాన పడి మళ్లల్లో నీళ్లు నిలిచాయి. ఆకుమడిలో నారు అందివచ్చింది. ఇంకో పదిరోజుల్లో బురదగా దున్ని దమ్ము చేసి నాటకపోతే నారు ముదిరిపోతుంది, ముదిరిన నారు పిలకలు వెయ్యదు. ఆ మెట్ల మీదికి ట్రాక్టరు ఎక్కదు. అందరి దమ్మూ ఒకేసారి కాబట్టి అరువిచ్చే ఎద్దు ఊళ్లో ఉండదు. అంటే కర్రోడు లేవకపోతే ఆ ఇంటికి ఆ ఏడాది వరి లేదు.

జరిగింది ఇది. ఊరి కింద టూరిస్టుల కోసం గుడారాల క్యాంపు ఒకటి వెలిసింది. ఆదివారం మిగిలిన తెల్లన్నం, పులావు అన్నీ ఒక గోతిలో పారబోశారు. సాయంత్రం కర్రోడు తాడు తెంపుకుని వెళ్లి ఆ గోతిలో ఉన్నదంతా తినేశాడు. తెల్లోడు తాడు తెంపుకోలేదు. వాడికి చొరవ తక్కువ, ఆరోగ్యం ఎక్కువ.

పరీక్ష చేశాను. కళ్లు లోపలికి పీక్కుపోయాయి. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కితే కలిపిన పిండి మీద నొక్కినట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎద్దుకు నాలుగు అరల పొట్ట. అందులో మొదటిది, అన్నిటికంటే పెద్దది, రూమెన్. ఊళ్లలో పెద్దకడుపు అంటారు. ఆరోగ్యంగా ఉంటే అది నిమిషానికి ఒకసారో రెండుసార్లో కదులుతుంది. స్టెతస్కోపు పెడితే దూరంగా వంతెన మీద లారీ వెళ్తున్నట్టు వినిపిస్తుంది. ఐదు నిమిషాలు విన్నాను. లారీలు బంద్. నోట్లోంచి గొట్టం వేసి కొంచెం ద్రవం తీస్తే పులిసిన కంపు. ఆమ్లం కొలిచే కాగితం ముక్క అందులో ముంచాను. ఆరుకీ ఏడుకీ మధ్య చూపించాల్సిన రంగు ఐదు కంటే కిందికి దిగింది. అన్నం పులిసి ఆమ్లమైంది. ఆ ఆమ్లం రక్తంలోకి పాకుతోంది.

విషయం చెప్పాను. గుర్బారి అడిగింది.

“అన్నం నేక సచ్చిపోయినోళ్లని సూసినాం బాబూ. అన్నం తిని సచ్చిపోతారేటి ఎవులైనా?”

దానికి కాలేజీలో చెప్పిన జవాబు ఉంది గానీ, ఆమె ముఖం చూసి సంచి విప్పాను. పని మొదలుపెట్టాను. మెడ నరంలోకి సెలైన్ సీసాలు, అందులో సోడా. గొట్టం ద్వారా ఆమ్లాన్ని విరిచే పొడి. బి-వన్ విటమిన్ ఇంజక్షను. చివరగా ఆమ్లం చేసే క్రిములను అణచడానికి రెండు పెద్ద యాంటీబయాటిక్ మాత్రలు. బొటనవేలంత ఉంటాయి. వాటిని నోట్లోకి తొయ్యబోతుంటే నాయుడు గారు అడిగారు.

“నోట్లోకా, సార్?”

“పుస్తకంలో ఉందండీ,” అన్నాను.

“సార్,” అని ఆయన కొండల వైపు తిరిగారు.

మంగళవారానికి కర్రోడు లేచి నిలబడ్డాడు. నీళ్లు తాగాడు. సోమ్రా తాడు పేనడం ఆపి నాకు నమస్కారం పెట్టాడు. నేను దాన్ని స్వీకరించాను. ఆ తొందర నాకు మంచిది కాదని మర్నాడు తెలిసింది.

బుధవారం కాగితం ముంచితే రంగు సరిగ్గా వచ్చింది. కళ్లు బాగున్నాయి. జ్వరం లేదు. కానీ ఆకలి చూద్దామని మేం అప్పుడే ముందు వేసిన గడ్డి వేసినట్టే ఉంది. వాసన చూసి తల తిప్పుకుంటున్నాడు. నెమరు లేదు. స్టెతస్కోపులో వంతెన ఇంకా ఖాళీగానే ఉంది.

“సచ్చిపోయీవోడు బతికినాడు,” అంది గుర్బారి. “బతికినోడు తినడం నేదు. మరేటి సేత్తన్నారు బాబూ మీరు?”

కేస్ షీటు తీసి మళ్లీ మొదటి నుంచి అడిగాను. మేత? ఏమీ పెట్టలేదు. నీళ్లు? పెట్టారు. రెండు గడులూ నింపాను. అప్పుడు నా చూపు సాల గోడ మీద పడింది. పశువులకు మందు పోసే వెదురు గొట్టం కడిగి బోర్లించి ఉంది, చివరన ఇంకా తడి ఉంది. పక్కన కుండ. మూత తీస్తే చోడి అంబలి, రాగిపిండి జావ.

“ఇది ఎవరికమ్మా?”

“ఆడికే. మూడు పూటలా పోత్తన్నాను.”

“మేత ఏమీ పెట్టలేదన్నారు కదా?”

“అంబలి మేతేటి బాబూ?” అంది. “నీరసంగా ఉన్నోడికి అంబలి పొయ్యకపోతే మనిసి జన్మేటి?”

ఆమె అబద్ధం చెప్పలేదు. మేతంటే గడ్డి, అది పెట్టలేదు. నీళ్లంటే నీళ్లు, అవి పెట్టింది. ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఆ ఫారం తయారుచేసిన వాళ్లకు ఈ లోకంలో అంబలి అనే మూడో పదార్థం ఉందని తెలియదు. విజయనగరంలో అంబలి తాగి పెరిగిన నాకు తెలుసు. అయినా అడగలేదు.

వాహనంలో మైక్రోస్కోపు ఉంది. ద్రవం చుక్క ఒకటి తీసి గాజుపలక మీద వేసి చూశాను. ఆరోగ్యమైన ఎద్దు పెద్దకడుపులోంచి తీసిన చుక్క ఎలా ఉంటుందంటే, ఆదివారం బొర్రా గుహల ముందు జనంలా ఉంటుంది. గుండ్రటివి, పొడుగువి, వెంట్రుకలున్నవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుంటాయి. కర్రోడి చుక్కలో ఒక్కటి కూడా కదల్లేదు. సగాన్ని ఆమ్లం చంపింది. మిగతా సగాన్ని పుస్తకం చదివిన నేను చంపాను.

మా పైఅధికారి అసిస్టెంట్ డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. ఏడీ గారంటాం. అంతా విని, నోటి ద్వారా యాంటీబయాటిక్ ఎందుకిచ్చావని అడిగారు. పుస్తకంలో ఉందన్నాను. ఎద్దు ఆ పుస్తకం చదివిందా అని అడిగారు. తర్వాత కోపం తగ్గించుకుని దారి చెప్పారు. అదే కొండ గడ్డి తినే మంచి ఎద్దు పెద్దకడుపులోంచి కనీసం మూడు లీటర్ల ద్రవం తీసి, చల్లారకముందే ఈ ఎద్దుకు ఎక్కించాలి. కాలేజీలో దీన్ని రూమెన్ మార్పిడి అని చదివాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

సాల అరుగు మీద కూర్చుని గుర్బారికీ సోమ్రాకీ చెప్పడం మొదలుపెట్టాను. చెప్పడానికి సామాను సోమ్రా చేతిలోనే ఉంది.

ఆయన పేనుతున్న తాడు పాయను పట్టుకుని చూపించాను. చెట్టుకు ఎముకలుండవు. అయినా నిలబడుతుంది. గాలికి వంగుతుంది, మళ్లీ లేస్తుంది. దాన్ని నిలబెట్టేది ఇదే. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెరను మొక్క పూసల్లా గుచ్చుతుంది. ఒక్కో దండలో వేల పూసలు. ఆ దండలను పక్కపక్కన పేర్చి, పాయలుగా కట్టి, తన ఒంట్లోని ప్రతి చిన్న గదికీ గోడలా చుట్టుకుంటుంది. మీరు తాడు పేనినట్టే. ఆ దండ పేరు సెల్యులోజ్. అడ్డ నార, వెదురు, కొండచీపురు, మీరు అన్నం తినే అడ్డాకు, నేను రాసే కేస్ షీటు, ఆమ్లం కొలిచిన కాగితం ముక్క, మీ భుజం మీది నూలు తువ్వాలు, అన్నిట్లోనూ ఉన్నది అదే. దూదిలో అయితే దాదాపు అంతా అదే. మొన్న నేను వేసిన మాత్రలు పొడిపొడిగా రాలిపోకుండా ముద్దగా నిలబడటానికి కలిపే తెల్లటి పొడి కూడా చాలాసార్లు అదే.

“మరి అన్నం?” అంది గుర్బారి.

అక్కడే ఉంది చిక్కు. అన్నంలోనూ చోడిలోనూ ఉన్నది అదే చక్కెర పూస. కాకపోతే గుచ్చిన తీరు వేరు. అన్నంలో పూసలన్నీ ఒకే వైపు చూస్తాయి, మన పొట్ట వాటిని చిటికెలో విడదీస్తుంది, ఎద్దు పెద్దకడుపులో అవి అంతే తొందరగా పులిసి ఆమ్లమవుతాయి. సెల్యులోజ్‌లో ఒక పూస ఇటు, ఒక పూస అటు. ఆ ముడి విప్పడం మన పొట్టకు రాదు. గడ్డి తింటే మనం చక్కెర పక్కన కూర్చుని ఆకలితో పోవాల్సిందే.

“ఎద్దుకి వొచ్చును కదా?”

“ఎద్దుకీ రాదు. దాని పెద్దకడుపులో కంటికి కనపడని జీవాలు కోట్లకు కోట్లుంటాయి. వాటికొచ్చు. ఎద్దు చేసేదల్లా నమిలి లోపలికి పంపడం, పైకి తెచ్చి మళ్లీ నమలడం, వెచ్చగా ఉంచడం. అవి గడ్డిని అరిగించి వదిలేసిన దానితో ఇది బతుకుతుంది. చివరికి వాటినే కొన్నిటిని అరిగించుకుంటుంది కూడా.”

గుర్బారి లెక్క చూసుకుంది. “అంటే గడ్డి పురుగులు తింతన్నాయి. పురుగుల్ని ఎద్దు తింతంది. పురుగుల్ని మీరు సంపీసినారు.”

నేను అరగంటలో చెప్పింది ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. మూడో ముక్క నేను చెప్పలేదు. నాయుడు గారు కొండల వైపు చూస్తున్నారు.

తెల్లోడి నుంచి తీద్దామంటే, జతలో ఒకడికి పోసి ఒకడికి పొయ్యకపోవడం అన్యాయమని ఆమె వాడికీ మూడు రోజులుగా అంబలి పోస్తోంది. వాడికి ఆమ్లం విరిచే పొడి పడలేదు కాబట్టి వాడి ద్రవం పుల్లగా ఉంది. ఊళ్లో మిగతా ఎడ్లు దమ్ములో ఉన్నాయి. దమ్ము రోజుల్లో ఎద్దు నోట్లో గొట్టం పెట్టనిచ్చే రైతు లేడు. ఖాళీగా ఉన్నది ఒక్కటే ఎద్దు. పక్కింటి ముసలోడు. కాడి మొయ్యడం మానేసి రెండేళ్లయింది. పొద్దస్తమానం చింతచెట్టు కింద కళ్లు సగం మూసి నెమరేస్తుంటాడు. ఊరి మొత్తానికి రిటైరైన ఉద్యోగి వాడొక్కడే.

“అయితే పక్కింటి వాళ్లని అడుగుదాం,” అన్నాను.

సోమ్రా తాడు పేనడం ఆపాడు. మంచి గుర్తు కాదు.

పక్కింటామె దైమతి. గుర్బారి వయసే. వాళ్ల మడి పైన, వీళ్ల మడి కింద. రెండేళ్ల కిందట గట్టుకు గండి ఎవరు కొట్టారన్న దగ్గర మాటలు పోయాయి. అప్పటి నుంచి ఇద్దరూ మాట్లాడుకోరు. కానీ ఊరుకోనూ ఊరుకోరు. గుర్బారి తన కోడితో మాట్లాడుతుంది, దైమతి తన మేకతో. నేను కంచె దగ్గర నిలబడి దైమతికి విషయం చెబుతుంటే ఇవతల గుర్బారి గింజలు జల్లుతూ కోడితో అంది.

“ఏటే, పక్కింటోల్ల గడప తొక్కుతావేటి? మడిలో నీల్లు ఆపీసినోల్లు నీకు నెమరు ఇత్తారేటి? సిగ్గు నేదా?”

దైమతి మేకను కట్టుకొయ్యకు బిగించింది. “సూసినావా, మేకా? గట్టు కొట్టినోల్లకి ఇప్పుడు మనింటి ఎద్దు నోట్లోది కావాలంట. రెండేల్లు మన మొకం సూడనేదు. ఎద్దు మొకం సూత్తారంట.”

నేను దైమతికి శాస్త్రం చెప్పాను. వంద లీటర్లు పట్టే పొట్టలోంచి మూడు లీటర్లు తీస్తే ముసలోడికి నష్టం లేదని, రెండు పూటల్లో మళ్లీ నిండుతుందని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, అది సరేనంది. నష్టం గురించి కాదంది.

“మాటల్లేని ఇంటి నెమరు ఆ ఎద్దు కడుపులో నిలబడదు, డాక్టరు బాబూ. బైటికొచ్చీత్తది. మా అత్త సెప్పినాది.”

క్రిములకు ఇరుగుపొరుగు తగాదాలతో సంబంధం లేదని నేను చాలాసేపు వాదించాను. వాళ్ల అత్త పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఆమెతో వాదించే వీలు లేకపోయింది. చివరికి నాయుడు గారు నన్ను పక్కకు పిలిచారు.

“సార్, మీరు గంట నించి సెప్తన్నారు. నేస్తం కట్టడానికి అరగంట. ఏది బేగి అవుతాదో సూసుకోండి.”

ఆ కొండల్లో నేస్తం కట్టుకోవడం అంటే ఉత్త స్నేహం కాదు. నలుగురి ముందు కట్టుకునే చుట్టరికం. కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు పలకకూడదు, ‘నేస్తం’ అనే పిలవాలి. తిట్టుకోకూడదు. ఒకరి పని ఆగితే ఇంకొకరు చూస్తూ కూర్చోకూడదు. జీవితాంతం. గుర్బారికి ఇది చాలా ఖరీదైన మందు. ఆమె సాలలోకి వెళ్లి కర్రోడి పక్కన నిలబడింది. వాడి డొక్క లోపలికి దిగిపోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. గడ్డి పరక ఒకటి తీసి నోటికి అందించింది. వాడు పెదవితో తాకి వదిలేశాడు. ఆమె ఆ పరకను కిందపడనివ్వకుండా పట్టుకుని బయటికొచ్చి కోడితో కాకుండా మొదటిసారి భర్తతో అంది.

“బియ్యం తే.”

గురువారం ఉదయం కట్టుకున్నారు. ఊరి పెద్ద ఒకాయన, ఇంకో పదిమంది వచ్చారు. ఇద్దరూ దోసిట్లో బియ్యం మార్చుకున్నారు. ఒకరి అడ్డాకు దొప్పలోని అంబలి ఇంకొకరు తాగారు. ఆ ఊళ్లో ఆ వారం ఎవరికీ హాని చెయ్యని అంబలి అదొక్కటే. తర్వాత ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. రెండేళ్లుగా కోడీ మేకా మోసిన సంభాషణను ఇప్పుడు సొంతంగా మొయ్యాలి.

“నేస్తం,” అంది గుర్బారి, ఆ మాట నోట్లో కొత్తగా ఉన్నట్టు. “ఎద్దుని తీసుకురా.”

“వొత్తన్నాను, నేస్తం,” అంది దైమతి. కొంచెం పళ్లు బిగించే అంది.

పని తీరు ఇది. ఎద్దు నోట్లో చెక్క అడ్డు పెట్టి, దాని కంతలోంచి గొట్టాన్ని మెల్లగా గొంతులోకి దించాలి. ఊపిరి దారిలోకి పోలేదని చూసుకోవాలి. గొట్టం చివర చెవి పెడితే బుడబుడమని వినిపించి, పచ్చగడ్డి పులిసిన తియ్యటి వాసన వస్తే సరైన చోట ఉన్నట్టు. తర్వాత చేతి పంపుతో లాగాలి. ముసలోడు ఇదంతా జరుగుతున్నంతసేపూ, సర్వీసులో ఇంతకంటే ఘోరాలు చూసినవాడిలా నిలబడ్డాడు.

మొదటి చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, నేను చూసి, లేచి వాళ్లకు చోటిచ్చాను. గుర్బారి ముందు చూసింది. చాలాసేపు లేవలేదు. తర్వాత దైమతి.

“ఇవన్నీ మా ముసలోడి లోపలేనా?” అంది దైమతి. “ఒక్కడనుకుని మేపుతన్నాను. ఇంతమందినా!”

“అందుకే అంత గడ్డి,” అంది గుర్బారి. “మా కంచెలోది కూడా.” అని ఆగి, గుర్తొచ్చి, “నేస్తం,” అని చేర్చింది.

తీసిన ద్రవాన్ని వడగట్టాలి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. సోమ్రా నూలు తువ్వాలు ఇచ్చాడు. పచ్చటి ద్రవం తువ్వాల్లోంచి బకెట్లోకి దిగింది. గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో బకెట్టు పెట్టి సాల దాకా మోశాం. పది నిమిషాల్లో మూడు లీటర్లూ కర్రోడి కడుపులోకి ఎక్కించాం. వెనక్కి వచ్చేసరికి, కంచె మీద ఆరేసిన ఆ తువ్వాలు సగం ముసలోడి నోట్లో ఉంది. పచ్చి సెల్యులోజ్, అందులోనూ తన సొంత రసంలో నానింది. వాడికి కెమిస్ట్రీ తెలుసు. మిగతా సగం సోమ్రాకి తిరిగి ఇచ్చాం.

కేస్ రిజిస్టరులో ‘దాత వివరాలు’ అని గడి లేదు. కింద ఖాళీలో రాశాను: ఎద్దు, ముసలిది, ఆరోగ్యం బాగుంది. యజమాని సమ్మతి: నేస్తం కట్టిన మీదట. నెలాఖరులో ఏడీ గారు ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపి, నావైపు చూసి, సంతకం చేశారు.

మాత్రలు ఆపేశాను. అంబలి కుండ మీద మూత పెట్టి దానిమీద నేనే రాయి పెట్టాను. ఎండుగడ్డి మాత్రం ఎదురుగా ఉంచమన్నాను. గురువారం సాయంత్రం ఏమీ లేదు. శుక్రవారం ఉదయం వెళ్లేసరికి ఏమీ లేదు. స్టెతస్కోపు పెట్టాను. ఒకసారి ఏదో వినిపించింది, నా కడుపులోంచి. టిఫిన్ చెయ్యలేదు. మధ్యాహ్నం గుర్బారి ఫోన్ చేసి, నాలుగు పరకలు నమిలాడని చెప్పింది. నాలుగే, లెక్కపెట్టింది.

శనివారం పదిగంటలకు వెళ్లాం. దైమతి కూడా సాలలోనే ఉంది. వంగి డొక్క మీద చెవి పెట్టాను. చాలాసేపటి తర్వాత, దూరంగా, వంతెన మీద ఒక లారీ వెళ్లింది. నిమిషం దాటాక ఇంకొకటి. తల ఎత్తేసరికి కర్రోడి మెడ కింది నుంచి ముద్ద ఒకటి పైకి ఎక్కడం కనపడింది. గొంతు దాటింది. దవడ పక్కకు కదిలింది.

నేను గడియారం చూసి నమిలినవి లెక్కపెట్టాను. యాభై రెండు. నాయుడు గారు యాభై నాలుగన్నారు. ఇద్దరం ఆ విషయం మీద పట్టుదలగా మాట్లాడుకున్నాం. ఆ రెండు నిమిషాల్లో గుర్బారి వెనక్కి తిరిగి గోడ వైపు చూస్తోంది, ఆమెవైపు చూడకుండా ఉండటానికి మాకేదో ఒక పని కావాలి. కర్రోడు పేడ వేసి ఆ ఇబ్బంది తీర్చాడు. గుర్బారి దాన్ని కాలితో కదిపి, గట్టిగా ఉందని, బాగుందని చెప్పింది.

ఐదు రోజులు కాడి కట్టొద్దన్నాను. నారు ఆగదని సోమ్రా అన్నాడు. ఆ వారంలో ఆయన నాతో అన్న పూర్తి వాక్యం అదొక్కటే. జవాబు నేను చెప్పక్కరలేకపోయింది. దైమతి కాడెడ్ల జత అప్పటికి తమ మళ్లు ముగించింది. నేస్తం పని ఆగితే చూస్తూ కూర్చోకూడదు కాబట్టి, సోమవారం నుంచి అవి కింది మళ్లల్లోకి దిగాయి. నీళ్ల కోసం పైగట్టు తెరవాల్సి వచ్చింది. దైమతే తెరిచింది. ఎవరు గండి కొట్టారన్నది అప్పటికీ తేలలేదు, ఇక తేలదు కూడా. కర్రోడు గురువారం ఒక పూట దున్నాడు. నాట్లు అనుకున్న గడువుకు ఒకరోజు తర్వాత పూర్తయ్యాయి. చివరి మడిలో నారు కొంచెం ముదిరింది, అక్కడ పంట పలచగానే వచ్చింది. దసరాకు వెళ్లినప్పుడు గుర్బారి ఆ మడిని నాకు ప్రత్యేకంగా చూపించింది. “ఇది మీ మాత్రల మడి బాబూ,” అంది.

ఆ కేసు వల్ల నా పద్ధతి రెండు చోట్ల మారింది. కేస్ షీటులో మేతకూ నీళ్లకూ మధ్య చేత్తో ఒక గడి గీసుకోవడం అలవాటు చేసుకున్నాను. అలాగే పెద్దకడుపు కదలని పశువుకు నోటి ద్వారా యాంటీబయాటిక్ మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు ల్యాబులో కూర్చున్నా, పాత పరిచయం కొద్దీ ఊళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. ఎద్దు గడ్డి ముట్టడం లేదంటే వెంటనే మందు పేరు చెప్పను. ముందు, ఏం తాగించారని అడుగుతాను. తర్వాత, పక్కింటి వాళ్లతో మాటలున్నాయా అని అడుగుతాను.